బడ్జెట్‌లో మొదటి రోడ్ బైక్: ఏది తీస్కోవాలి, ఏది వదిలెయ్యాలి

ముందే తేల్చి చెప్పేస్తా. చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు రోడ్ బైక్‌లో ఖర్చు పెట్టాల్సింది తర్వాత మార్చడానికి వీల్లేని వాటి మీద. ఫ్రేమ్, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ భాగం), బ్రేకుల రకం, సైజు, ఈ నాలుగూ కొన్న రోజే ఖాయమైపోతాయి, మళ్ళీ వాటి జోలికి వెళ్ళామంటే దాదాపు కొత్త బైక్ కొన్నంత పని. మిగతావన్నీ, అంటే టైర్లు, చైన్, క్యాసెట్ (వెనక చక్రానికి ఉండే పళ్ళ చక్రాల గుత్తి), సీటు, హ్యాండిల్ టేపు, చివరికి చక్రాలు కూడా ఎలాగూ అరిగేవే, అరిగినప్పుడు ఇంకాస్త మంచివి వేస్కోవచ్చు. కానీ అమ్మేవాళ్ళు పెద్ద అక్షరాల్లో రాసేది గేర్ సెట్ పేరు కాబట్టి కొనేవాళ్ళ చర్చంతా షిమానో కంపెనీ గేర్ సెట్లలో క్లారిసా సోరానా అన్న దగ్గరే ఆగిపోతోంది, అది నాకు నిజంగా బాధనిపిస్తది, ఎందుకంటే సోరా ఉంది కదా అని సైజు కుదరని బైక్ కొనుక్కుని నడుం నొప్పితో దాన్ని మూలన పెట్టేసినవాళ్ళని చూశాను. ఈ తరగతి బైకులు నేను చాలా రకాలు తొక్కాను, కొన్ని నావి, కొన్ని తోటివాళ్ళవి, కాబట్టి రోడ్డు మీద ఏది తేడా తెలుస్తదో, ఏది కాగితం మీద మాత్రమే తేడానో అది చెప్తా.

అసలు రోడ్ బైక్ కాకుండా రోడ్ బైక్ లాగా కనపడేవి కొన్ని ఉంటాయి, ముందు వాటిని పక్కన పెట్టేద్దాం. కిందకి వంగిన హ్యాండిల్, సన్న టైర్లు, రంగు రంగుల రిమ్ములు, ఫ్రేమ్ మీద 21 స్పీడ్ అని స్టిక్కర్. గేర్ మార్చే లీవర్లు మాత్రం స్టెమ్ (హ్యాండిల్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) మీదో ఫ్రేమ్ మీదో ఉంటాయి, అంటే గేర్ మార్చిన ప్రతిసారీ ఒక చెయ్యి హ్యాండిల్ మీంచి, బ్రేకు మీంచి తియ్యాలి. ముందు గుంత, వెనక బండి, అదే టైమ్‌లో ఎత్తు మొదలైతే ఒక చేత్తో నడపడం ప్రమాదమే. ఆ 21 అంటే ముందు మూడు, వెనక ఏడు గుణిస్తే వచ్చిన లెక్క, అందులో చాలా గేర్లు ఒకదానికొకటి దాదాపు సమానం. వీటిలో వెనక ఉండేది మర బిగించే పాత తరహా ఫ్రీవీల్, దాంట్లో కుడిపక్క బేరింగు ఇరుసు చివర్లో కాకుండా బాగా లోపలికి ఉంటది కాబట్టి బరువు పడేకొద్దీ ఇరుసు వంగడం, విరగడం ఎక్కువ. క్యాసెట్ ఎక్కే హబ్‌లో (చక్రం మధ్య ఉండే భాగం) ఆ బేరింగు చివరికి జరిగి ఉంటది, అందుకే అది గట్టిది. కొనే ముందు ఇది ఫ్రీవీలా క్యాసెట్టా అని అడగండి, సమాధానం ఫ్రీవీల్ అయితే నా వరకు ఆ బైక్ లిస్టులోంచి తీసేస్తాను.

ఇప్పుడు గేర్ల సంగతి. షిమానో వాళ్ళ రోడ్ వరస కింద నుంచి పైకి టూర్నీ, క్లారిస్, సోరా, టియాగ్రా, 105, అల్టెగ్రా, డ్యూరా ఏస్. వెనక పళ్ళ చక్రాలు టూర్నీలో 7, క్లారిస్‌లో 8, సోరాలో 9, టియాగ్రాలో 10, 105 నుంచి పైకి కొత్త వాటిలో 12. వీటితో పాటు 2023లో క్యూస్ అని ఇంకోటి మొదలుపెట్టారు, ముందు ఫ్లాట్ హ్యాండిల్ బైకులకి వచ్చింది, తర్వాత డ్రాప్ హ్యాండిల్‌కి, అంటే కిందకి వంగినదానికి కూడా వచ్చింది. క్యూస్‌లో క్యాసెట్ పళ్ళు మందంగా చేస్తారు, ఎక్కువ కాలం మన్నాలని, కానీ దాని షిఫ్టర్లూ (గేర్ మార్చే లీవర్లు) డీరైలర్లూ (చైన్‌ని ఒక పళ్ళ చక్రం నుంచి ఇంకోదానికి జరిపేవి) పాత క్లారిస్ సోరా పార్టులతో కలవవు, ఇది గుర్తుపెట్టుకోండి, రేపు ఒక పార్టు పోతే పాతది దొరికింది కదా అని బిగించలేం.

టూర్నీ నేను వద్దంటాను. గేర్లు సరిగా పడవని కాదు, బాగానే పడతాయి, కానీ ఆ రోడ్ షిఫ్టర్‌లో ఒక దిక్కుకి గేర్ మార్చడానికి లోపలి పక్కన బొటనవేలితో నొక్కే బటన్ ఉంటది, చేతులు పైన హుడ్స్ (లీవర్ల పైన ఉండే రబ్బరు పట్టు) మీద ఉన్నంతసేపు ఓకే, కింద డ్రాప్స్ (హ్యాండిల్ వంపు కింది భాగం) పట్టుకుని దిగుతున్నప్పుడు అది అందదు. డ్రాప్ హ్యాండిల్ కొనుక్కుని డ్రాప్స్‌లోంచి గేర్ మార్చలేకపోతే ఇంకెందుకు. క్లారిస్ నుంచి పైకి ఆ సమస్య లేదు, బ్రేక్ లీవర్‌నే లోపలికి తోస్తే ఒక దిక్కు, దాని వెనక చిన్న లీవర్ నొక్కితే ఇంకో దిక్కు, ఎక్కడ పట్టుకున్నా వేలికి అందుతది. మైక్రోషిఫ్ట్ అనే ఇంకో కంపెనీ ఉంది, దాంట్లో బ్రేక్ లీవర్ పక్కకి కదలదు, వెనక రెండు చిన్న లీవర్లు విడివిడిగా ఉంటాయి, మొదట్లో వెతుక్కోవాల్సి వస్తది, తర్వాత అలవాటైపోతది, పని మాత్రం శుభ్రంగా చేస్తది. పేరు వినలేదని దాన్ని తీసిపారెయ్యకండి.

క్లారిస్‌కి సోరాకి తేడా ఎంత అంటే ఒక పళ్ళ చక్రం. 8 చోట 9. ఒంటరిగా తొక్కేవాళ్ళకి ఆ తేడా దాదాపు తెలియదు. గుంపులో ఒకే స్పీడు మీద ఎక్కువసేపు వెళ్ళేటప్పుడు మాత్రం ఒక గేర్ బరువుగా, కిందది మరీ తేలిగ్గా అనిపించే సందర్భాలు క్లారిస్‌లో వస్తాయి, నాకూ వచ్చాయి, కానీ దానివల్ల వెనకబడిపోవడం అంటూ ఉండదు. 1991 నుంచి 1995 దాకా స్పెయిన్ రేసర్ మిగెల్ ఇందురైన్ వరసగా ఐదు టూర్ డి ఫ్రాన్స్‌లు గెలిచినప్పుడు ఆయన బైక్ వెనకున్నవి కూడా 8 చక్రాలే. పైగా 8 స్పీడ్ చైన్ కాస్త వెడల్పుగా ఉంటది, అడ్జస్ట్‌మెంట్ కొంచెం అటూఇటూ అయినా ఓర్చుకుంటది, మార్చుకోవడం కూడా చవక.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇది తెలిస్తే క్లారిస్ కొనడానికి భయం పోద్ది. షిమానో 8, 9, 10 స్పీడ్ రోడ్ క్యాసెట్లన్నీ ఒకే వెడల్పు హబ్ మీద ఎక్కుతాయి, 11 స్పీడ్ రోడ్ క్యాసెట్‌కి మాత్రం 1.85 మిల్లీమీటర్లు ఎక్కువ వెడల్పు కావాలి. 8కీ 9కీ కేబుల్ లాగే కొలత కూడా ఒకటే. కాబట్టి క్లారిస్ బైక్‌ని సోరా చెయ్యాలంటే షిఫ్టర్లు, క్యాసెట్, చైన్ మారిస్తే సరిపోద్ది, వెనక డీరైలర్ ఉన్నదే పనిచేస్తది. అదే 10 స్పీడ్ టియాగ్రా 4700కి వెళ్ళాలంటే కుదరదు, దాని కేబుల్ లెక్క వేరు, డీరైలర్‌తో సహా మార్చాలి. అంత ఖర్చు పెట్టేకన్నా అప్పుడు బైకే మార్చడం నయం.

గేర్ సెట్ పేరు కన్నా పదిరెట్లు ముఖ్యమైనది ఎన్ని పళ్ళు అనేది, దీన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ముందు 50/34 కాంపాక్ట్ క్రాంక్, అంటే పెడల్స్ దగ్గర 50, 34 పళ్ళున్న రెండు చక్రాలు, ఈ తరగతిలో మామూలు. వెనక క్యాసెట్ పెద్ద చక్రం 28 పళ్ళా, 32నా, 34నా అన్నది చూడండి. చక్రం ఒక చుట్టు తిరిగితే సుమారు 2.1 మీటర్లు అనుకుంటే, 34కి 28 వేసి నిమిషానికి 60 సార్లు తొక్కితే గంటకి 9 కిలోమీటర్ల పైచిలుకు స్పీడు రావాలి, ఎత్తు నిటారుగా ఉంటే కొత్తవాళ్ళకి ఆ స్పీడు నిలబెట్టడం కష్టం, పెడల్ మీద నిలబడి మోకాళ్ళతో తోసుకుంటూ వెళ్ళాల్సి వస్తది. అదే వెనక 34 ఉంటే అదే తొక్కుడుకి ఏడున్నర కిలోమీటర్లు చాలు. ఆ ఒకటిన్నర కిలోమీటర్ల తేడానే దిగి నడిపించుకెళ్ళడానికీ కూర్చుని ఎక్కెయ్యడానికీ తేడా. పైపక్క లోటేం లేదు, 50కి 11 వేసి నిమిషానికి 90 తిప్పితే గంటకి 51 దాటుద్ది, చదును మీద అంత ఎవరు తొక్కుతారు. కాబట్టి 11-28 (చిన్న చక్రం 11 పళ్ళు, పెద్దది 28) ఉన్న సోరా, 11-34 ఉన్న క్లారిస్ పక్కపక్కన పెడితే, ఎత్తుపల్లాల దారిలో తిరిగేవాళ్ళకి నేను క్లారిస్‌నే చూపిస్తా. క్యాసెట్ తర్వాత మార్చుకోవచ్చు నిజమే, కానీ డీరైలర్ ఎంత పెద్ద చక్రం వరకు తీస్కుంటదో ముందు కనుక్కోవాలి, పొట్టి కేజ్ (చైన్‌ని బిగువుగా పట్టే కింది చట్రం) ఉన్న డీరైలర్ అన్నిటికీ ఒప్పుకోదు.

ఫ్రేమ్ విషయంలో ఈ బడ్జెట్‌లో అల్యూమినియమే సరైనది. పేరు తెలియని కంపెనీ చవక కార్బన్ ఫ్రేమ్ కన్నా పేరున్న కంపెనీ అల్యూమినియం ఫ్రేమ్ నూటికి నూరుపాళ్ళు మేలు, దెబ్బ తగిలితే సొట్ట కంటికి కనపడుద్ది, కార్బన్‌లో లోపల పగులు కనపడకపోవచ్చు. కానీ ఫోర్క్ మాత్రం కార్బన్ అయ్యుండేలా చూడండి. కనీసం రెండు కాళ్ళైనా కార్బన్, పైన స్టీరర్ (ఫ్రేమ్‌లోకి దూరే గొట్టం) అల్యూమినియం అయినా పర్లేదు. స్టీల్ ఫోర్క్, అల్యూమినియం ఫోర్క్ ఉన్నవాటితో పోలిస్తే బరువు తగ్గుద్ది, గరుకు రోడ్డు మీద చేతులకి వచ్చే వణుకు కూడా కొంచెం తగ్గుద్ది. బాటమ్ బ్రాకెట్ (పెడల్ క్రాంక్ తిరిగే బేరింగు) మర బిగించేదా, నొక్కి కూర్చోబెట్టేదా అనేది కూడా అడగండి, మరది అయితే కిర్రు కిర్రు మంటున్నప్పుడు విప్పి గ్రీజు పెట్టి బిగించడం తేలిక.

బరువు గురించి అందరూ అవసరానికి మించి బెంగపడతారు. ఈ తరగతి బైకులు తొమ్మిదిన్నర నుంచి 11 కిలోల దాకా ఉంటాయి. రేసుల్లో ప్రపంచ సైక్లింగ్ సంస్థ యూసీఐ పెట్టిన కనీస బరువు 6.8 కిలోలు, ఆ నంబర్ చూసి మనది మరీ బరువు అనుకుంటారు. లెక్క చూద్దాం, మనిషి 75, బైక్ 10, మొత్తం 85 కిలోలు. ఒక కిలో తగ్గితే తగ్గేది ఒకటింబావు శాతం కూడా కాదు, గంటసేపు ఎక్కే కొండ మీద ముప్పావు నిమిషం లోపే కలిసొస్తది. చదును మీదైతే లెక్కలోకే రాదు, అక్కడ అడ్డుకునేది గాలి, ఆ గాలిని ఎక్కువగా ఆపేది కూడా బైక్ కాదు, మీ ఒళ్ళు. మోచేతులు కొంచెం వంచి తల దించుకుని కూర్చోవడం నేర్చుకుంటే వచ్చే లాభం ఏ పార్టూ ఇవ్వదు.

బ్రేకుల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది మార్చలేని లిస్టులో ఉంది. రిమ్ బ్రేక్ ఫ్రేమ్‌కి డిస్క్ పెట్టలేం, డిస్క్ ఫ్రేమ్‌కి రిమ్ బ్రేక్ పెట్టలేం. రిమ్ బ్రేక్ తేలిక, సర్దుకోవడం సులువు, ప్యాడ్ మార్చడం ఎవరైనా చేస్కోవచ్చు. ఎండలో మంచి ప్యాడ్స్‌తో చక్కగా ఆగుద్ది. వానలో మాత్రం మొదట నీళ్ళు తుడుచుకోవడానికే చక్రం కొన్ని చుట్లు తిరగాలి, ఆ తర్వాత పట్టు దొరుకుద్ది, అది అలవాటు లేనివాళ్ళని భయపెడతది. రిమ్ము కూడా అరుగుద్ది. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది టైరు సైజు, మామూలు రోడ్ క్యాలిపర్ (రిమ్ముని పట్టే బ్రేకు చేతులు) కింద 28 మిల్లీమీటర్లకి మించి పట్టడం కష్టం, పాత ఫ్రేముల్లో అయితే 25 దగ్గరే ఆగిపోద్ది.

డిస్క్‌లో ఎంట్రీ లెవెల్‌కి దొరికేది ఎక్కువగా మెకానికల్, అంటే కేబుల్‌తో లాగేది. ఇందులో రెండు రకాలున్నాయి, ఆ తేడా చెప్పేవాళ్ళు తక్కువ. ఒక రకంలో ఒకపక్క ప్యాడ్ మాత్రమే కదిలి డిస్కుని రెండో ప్యాడ్ మీదకి వంచి నొక్కుద్ది, రెండో రకంలో రెండు ప్యాడ్లూ రెండు పక్కల నుంచీ వచ్చి పట్టుకుంటాయి. రెండోది బాగుంటది, పట్టు సమంగా ఉంటది, సర్దడం తక్కువ. ఏ రకమైనా మెకానికల్‌లో ప్యాడ్లు అరిగేకొద్దీ లీవర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తది, అప్పుడప్పుడు మనమే బిగించుకోవాలి, హైడ్రాలిక్‌లో అయితే అది దానంతటదే సర్దుకుంటది. షాపులో టెస్ట్ రైడ్‌కి కొత్త డిస్క్ బైక్ ఇస్తే బ్రేకులు మెత్తగా ఉన్నాయని వదిలెయ్యొద్దు, కొత్త ప్యాడ్లూ డిస్కూ ఒకదానికొకటి ఒరుసుకుని అలవాటు పడాలి, స్పీడుగా వెళ్ళి గట్టిగా తగ్గించడం పలుమార్లు చేస్తే పట్టు వస్తది. డిస్క్ మీద నూనె చుక్క పడకూడదు, చైన్‌కి స్ప్రే కొట్టేటప్పుడు జాగ్రత్త.

నా మాట, వానలోనూ తిరుగుతారు, రోడ్లు బాగుండవు, దిగుళ్ళు ఎక్కువ అంటే డిస్క్ తీస్కోండి. పొడి వాతావరణం, నున్నటి రోడ్లు, బడ్జెట్ బాగా టైటు అంటే రిమ్ బ్రేక్ బైక్ తీస్కుని మిగిలిన డబ్బు టైర్ల మీద పెట్టండి, దీంట్లో తక్కువతనం ఏమీ లేదు. డిస్క్ తీస్కుంటే చక్రాలు పట్టే ఇరుసు క్విక్ రిలీజా (చిన్న లీవర్ తిప్పి వదులు చేసేది) త్రూ యాక్సిలా (ఫ్రేమ్‌లోంచి దూర్చి మర బిగించే ఇరుసు) కూడా చూడండి, త్రూ యాక్సిల్ అయితే చక్రం తీసి పెట్టిన ప్రతిసారీ డిస్క్ అదే చోటుకి వచ్చి కూర్చుంటది, ప్యాడ్‌కి రాసుకుని చప్పుడు చెయ్యదు.

టైర్ల గురించి నాకు చాలా పట్టుదల. మొత్తం బైక్‌లో నేలని తాకేవి అవే, అయినా ఎంట్రీ లెవెల్ బైకుల్లో కంపెనీలు పొదుపు చేసేది సరిగ్గా అక్కడే, అంచులో ఇనప తీగ (వైర్ బీడ్) ఉన్న బరువైన గట్టి రబ్బరు టైరు వేసి పంపిస్తారు. మెత్తటి అల్లిక ఉన్న మంచి టైర్లు వేసి, అదే బైక్ అదే దారిలో తొక్కి చూడండి, గేర్ సెట్ ఒక మెట్టు ఎక్కించినా రానంత తేడా మొదటి కిలోమీటర్‌లోనే తెలుస్తది. సైజు 28 నుంచి 32 మధ్య ఉంటే హాయి, సన్నగా ఉంటే స్పీడు అన్న పాత నమ్మకం గరుకు రోడ్డు మీద నిలవదు, వణుకులో పోయే శక్తి కూడా మన కాళ్ళ నుంచి పోయేదే. గాలి కూడా టైరు పక్కన రాసిన మాక్సిమమ్ దాకా కొట్టకండి, అది దాటకూడని గీత మాత్రమే. 70 కిలోల మనిషికి 28 టైర్లో సుమారు 70 నుంచి 80 పీఎస్ఐ, 32లో ఇంకా తక్కువ, అక్కడ మొదలుపెట్టి మీ రోడ్డుకి తగ్గట్టు సర్దుకోండి. కాబట్టి కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న ఈ ఫ్రేమ్‌లో ఎంత లావు టైరు దాకా పడుద్ది అని. వచ్చిన టైరు ఎలాంటిదైనా పర్లేదు, పట్టే చోటు ఉండాలి.

ఇక సైజు. ఒక కంపెనీ 54కీ ఇంకో కంపెనీ 54కీ పొంతన ఉండదు, ఎమ్ ఎల్ అక్షరాలైతే అసలు నమ్మొద్దు. ఫ్రేమ్ కొలతల పట్టిక, అంటే జామెట్రీ టేబుల్‌లో స్టాక్, రీచ్ అని రెండు కొలతలుంటాయి. క్రాంక్ తిరిగే ఇరుసు మధ్య నుంచి హెడ్ ట్యూబ్ (ఫోర్క్ దూరే ఫ్రేమ్ గొట్టం) పైభాగం ఎంత ఎత్తులో ఉందనేది స్టాక్, ఎంత ముందుకుందనేది రీచ్. స్టాక్‌ని రీచ్‌తో భాగించి చూడండి, 1.5 దగ్గరో ఆ పైనో వస్తే కొంచెం నిటారుగా కూర్చునే ఎండ్యూరెన్స్ బైక్, 1.4 దగ్గరికి వస్తే బాగా వంగి తొక్కే రేస్ తరహా. మొదటి రోడ్ బైక్‌కి మొదటిదే కరెక్ట్ అని నా గట్టి నమ్మకం, నడుం, మెడ అలవాటు పడ్డాక స్టెమ్ కింద ఉన్న స్పేసర్లు (రింగులు) తీసి హ్యాండిల్ దించుకోవచ్చు, కానీ ఫ్రేమే పొట్టిగా ఉంటే పైకి ఎత్తడానికి ఉన్న దారులు తక్కువ. రెండు సైజుల మధ్య ఊగుతుంటే చాలామందికి చిన్నది మేలు, స్టెమ్ ఒక సెంటీమీటర్ పెంచుకోవచ్చు, పెద్ద ఫ్రేమ్‌ని చిన్నది చెయ్యలేం. టెస్ట్ రైడ్‌లో ముందు సీటు ఎత్తు సరిచేయించుకోండి, మడమ పెడల్ మీద పెట్టి కిందకి తొక్కితే కాలు నిటారుగా అవ్వాలి, అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటది. ఇది చెయ్యకుండా షాపు ముందు ఒక చుట్టు కొట్టి బాగుంది బాగాలేదు అనుకోవడం వల్ల ఉపయోగం లేదు. షాపులో వాళ్ళ దగ్గర మీ సైజు స్టాకు లేదు, ఉన్నదాన్నే సీటు దించి ఇస్తాం అన్నారంటే దండం పెట్టి వచ్చెయ్యండి, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా సరే.

ఇప్పుడు పేర్లు. పార్టులు ఏడాదిని బట్టి, దేశాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి మీకు దొరికే దాని స్పెక్ ఒకసారి సరిచూస్కోండి. బడ్జెట్ బాగా బిగుతుగా ఉన్నవాళ్ళకి డెకథ్లాన్ వాళ్ళ ట్రైబాన్ ఆర్‌సీ 120 నా మొదటి సలహా. మైక్రోషిఫ్ట్ 8 స్పీడ్, కార్బన్ కాళ్ళ ఫోర్క్, నిటారుగా కూర్చునే జామెట్రీ, క్యారియర్, మడ్‌గార్డ్ బిగించే బెజ్జాలు. కొంచెం బరువు, గబుక్కున దూకదు, కానీ రోజూ పనికి వెళ్ళడానికి, వారాంతం లాంగ్ రైడ్‌కి రెండిటికీ నమ్మకంగా పనికొచ్చే బైక్ ఇది.

దానికన్నా ఒక మెట్టు పైన ట్రెక్ డొమానే ఏఎల్ 2, స్పెషలైజ్డ్ అలే, జయంట్ కంటెండ్ ఏఆర్ 4, ఈ మూడూ ఒకే కోవ, క్లారిస్ 8 స్పీడ్‌తో మెకానికల్ డిస్కులు. గేర్ సెట్ ఒకటే కాబట్టి ఇక్కడ తేడా అంతా ఫ్రేమ్‌లోనే తెలుస్తది. డొమానే తొక్కితే నిదానమైన స్థిరత్వం, చేతులు వదులుగా పట్టుకున్నా తన దారిన తాను వెళ్తది, 35 టైరు హాయిగా పడుద్ది. కంటెండ్ ఏఆర్‌లో 38 దాకా పడతాయి, దాని డీ ఆకారపు సీట్ పోస్ట్ కొంచెం వంగుతూ గతుకుల్ని మింగేస్తది, మట్టి రోడ్లు కూడా కలిసే దారి అయితే నేను ఇదే తీస్కుంటా, కాకపోతే ఆ పోస్ట్ మామూలు గుండ్రటిది కాదు కాబట్టి మార్చాలంటే వాళ్ళదే కొనాలి. అలే పాత రిమ్ బ్రేక్ మోడల్ పదునైన బైక్, 2023 నుంచి వచ్చిన కొత్తది డిస్కులతో, 35 టైరు చోటుతో, క్యారియర్ బెజ్జాలతో బాగా మెత్తబడింది, అయినా పెడల్ మీద నిలబడి తొక్కినప్పుడు ఈ మూడిట్లో ఎక్కువ చురుగ్గా ముందుకు వెళ్ళేది అదే అనిపించింది నాకు, మూడిట్లో ఒకటి చెప్పమంటే నా ఓటు దానికే. రిమ్ బ్రేక్ చాలు, మలుపుల్లో పదును కావాలి అనేవాళ్ళు కానన్‌డేల్ క్యాడ్ ఆప్టిమో వెతకండి, కార్బన్ ఫోర్క్, చక్కటి అల్యూమినియం ఫ్రేమ్, ముందు చక్రం ఎక్కడుందో చేతికి తెలిసినంత స్పష్టంగా తిరుగుద్ది. ఈ ఐదిట్లో ఏదైనా మీ సైజులో దొరికితే చాలు, పై మోడల్ కోసం అప్పు చెయ్యక్కర్లేదు.

సెకండ్ హ్యాండ్ ఎప్పుడూ మంచి దారే, అదే డబ్బుకి ఒకటి రెండు మెట్లు పైబైక్ వస్తది, కానీ చూడటం తెలియాలి. డౌన్ ట్యూబ్ (ముందు నుంచి పెడల్స్ దగ్గరికి దిగే గొట్టం) అడుగున, హెడ్ ట్యూబ్ దగ్గర అతుకుల చుట్టూ వేలితో తడిమి చూడండి, పెయింట్ ముడతలు పడిందంటే ముందు దెబ్బ తగిలినట్టే. సీట్ పోస్ట్ వదులు చేసి పైకి కిందకి కదులుతోందా చూడాలి, ఏళ్ళ తరబడి కదపకపోతే ఇరుక్కుపోద్ది. రిమ్ బ్రేక్ అయితే రిమ్ము పక్క గోడ పల్లంగా అరిగిందా, చక్రం తిప్పితే బెండు ఉందా. చైన్ గేజ్ పెట్టి 0.75 శాతం దాటి సాగిందంటే చైన్‌తో పాటు క్యాసెట్ కూడా మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు రేటులోంచి తగ్గించమని అడగండి. సీరియల్ నంబర్ గీకేసి ఉంటే మాత్రం ఎంత చవకైనా ముట్టుకోవద్దు, అది ఎవరో పోగొట్టుకున్న బైక్ అయ్యుండొచ్చు. సెకండ్ హ్యాండ్ కార్బన్ మాత్రం అనుభవమున్న మెకానిక్‌ని తోడు తీసుకెళ్ళకుండా కొనొద్దు.

బడ్జెట్ అంతా బైక్‌కే పెట్టెయ్యకండి, అయిదో వంతైనా పక్కన ఉంచండి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, ప్రెజర్ గేజ్ ఉన్న నిలువు పంపు, స్పేర్ ట్యూబు, టైరు లీవర్లు, చిన్న మల్టీటూల్, ప్యాడ్ ఉన్న షార్ట్స్, ఇవి లేకుండా రోడ్ బైక్ పూర్తి కాదు. రోడ్ ట్యూబులకి ఎక్కువగా ఉండేది సన్నటి ప్రెస్టా వాల్వ్, మామూలు పంపు దానికి పట్టదు, పంపు కొనేటప్పుడు చూస్కోండి. చాలా బైకులు పెడల్స్ లేకుండా వస్తాయి, అది కూడా లెక్కలో ఉంచుకోండి, క్లిప్ పెడల్స్ వెంటనే అక్కర్లేదు, వెడల్పాటి మంచి ఫ్లాట్ పెడల్స్‌తో ఎంత దూరమైనా వెళ్ళొచ్చు.

కొన్న కొత్తలో కొన్ని వారాలకి గేర్లు టకటక మని ఒకదాని మీంచి ఒకటి దూకడం మొదలవుతది, బైక్ పాడైందని కంగారు పడొద్దు, కొత్త కేబుల్ కొద్దిగా సాగి, దాని చుట్టూ ఉన్న గొట్టాలు సర్దుకుంటాయి, వెనక డీరైలర్ దగ్గర ఉన్న అడ్జస్టర్‌ని కొద్ది కొద్దిగా తిప్పుకుంటూ వెళ్తే సరైపోద్ది. ఉచిత మొదటి సర్వీస్ అడిగి రాయించుకోండి, ఆ రోజు దగ్గరుండి వాళ్ళు అడ్జస్టర్ ఎటు తిప్పుతున్నారో, బ్రేక్ కేబుల్ ఎలా బిగిస్తున్నారో, చక్రం చువ్వలు ఎలా తడిమి చూస్తున్నారో గమనించండి, ఆ తర్వాత చాలా పనులు మీ ఇంట్లోనే అయిపోతాయి.